గజ్జె కట్టేవారికి పద్దు పుస్తకం

బోధన్ పక్కన అమ్దాపూర్ అని ఒక ఊరుంది. చిందు భాగవతం అనే జానపద ఆటలో ఎల్లమ్మ వేషానికి పెట్టింది పేరైన చిందు ఎల్లమ్మ గారి ఊరు అది. ఆమె 2005లో కన్నుమూశారు. నాట్యాచార్యులు నటరాజ రామకృష్ణ గారి వంటి పెద్దలు చిందు కళను పట్నాల దృష్టికి తెచ్చారు. పత్రికలు రాశాయి, సన్మానాలు జరిగాయి. ఎల్లమ్మ గారి అభినయాన్ని మెచ్చుకున్నవారు ఎందరో. కానీ ఒక చిందు మేళం ఏడాది పొడుగునా ఎట్లా బతికింది, ఎవరు పైసలిచ్చారు, వచ్చినదాన్ని మేళంలో ఎట్లా పంచుకున్నారు అన్న సంగతి మనం పెద్దగా మాట్లాడుకోం. కళ గురించి మాట్లాడుతున్నప్పుడు పైసల ఊసెత్తడం మర్యాద కాదని మనకొక అలవాటు. ఇవాళ ఆ మర్యాదను కాసేపు పక్కన పెడదాం. పాటనో, ఆటనో, నాటకాన్నో బతుకుదెరువు చేసుకోవాలనుకునే నిజామాబాద్, బోధన్ ప్రాంతపు యువతీయువకులకు కళతో పాటు ఇంకేం తెలిసి ఉండాలి? బేరం తెలియాలి, లెక్క తెలియాలి, కాగితం విలువ తెలియాలి అని నేనంటాను. ఇవి ఎక్కడో పెద్ద నగరాల మేనేజ్‌మెంట్ కాలేజీల నుంచి అరువు తెచ్చుకోవలసిన విద్యలు కావు. మన మేళాల దగ్గర ఒకప్పుడు ఉన్నవే. పాత ఏర్పాటు కూలినప్పుడు దానితో పాటు ఇవీ పోయాయి. వాటిని కొత్త కాలానికి తగ్గట్టు మళ్లీ కట్టుకోవాలి, అదీ ఒంటరిగా కాకుండా మేళంగా కట్టుకోవాలి.

పాత ఏర్పాటు ఏమిటో ముందు చూద్దాం. తెలంగాణలో కులాలను ఆశ్రయించి బతికిన కళాకారులకు మిరాసి అనే వంశపారంపర్య హక్కు ఉండేది. చిందు వారికి మాదిగ ఇళ్ల మీద, గొల్ల కుర్మల కథ చెప్పేవారికి ఆ ఇళ్ల మీద, ఇట్లా ఒక్కో కళకు ఒక్కో ఆశ్రయం. ఏ కుటుంబానికి ఏ ఊళ్లు అన్నది తరతరాలుగా పంచుకున్న లెక్క. ఒకరి ఊళ్లో ఇంకొకరు గజ్జె కట్టరాదు. ఏ కాలంలో రావాలి, ఎన్ని ఆటలు ఆడాలి, ఇంటికి ఎంత త్యాగం, అంటే మేళానికి ముట్టవలసిన ప్రతిఫలం, ఇవ్వాలి అన్నది ముందే తెలుసు. కొన్ని కుటుంబాల దగ్గర ఆ హక్కులకు రాగి శాసనాలు కూడా ఉన్నాయి. జాంబపురాణం ఎప్పుడు ఆడాలో, సారంగధర ఎప్పుడు ఆడాలో, చెంచులక్ష్మి ఎప్పుడు ఆడాలో ఆ మేళానికి తెలుసు. కిరీటాలు, భుజకీర్తులు పొణికి కర్రతో చేసుకోవడం, రంగులు కలుపుకోవడం, మద్దెల మూయించుకోవడం అంతా మేళం లోపలి పనే. ఆడవాళ్లు, పిల్లలు కూడా వేషం కట్టేవారు కనుక బయటి నుంచి నటులను కూలికి తెచ్చుకునే ఖర్చు లేదు. ఇందులో నేడు వ్యాపార పాఠాల్లో చెప్పేవి అన్నీ ఉన్నాయి. చూసేవారెవరో తెలుసు, తిరగవలసిన ప్రాంతం తెలుసు, కాలం తెలుసు, ధర తెలుసు, పంపకం తెలుసు. చదువుకోని మేళం పెద్ద ఇవన్నీ కట్టు తప్పకుండా నడిపాడు.

ఈ మాట అన్న వెంటనే ఒక ఆక్షేపణ వస్తుంది, రావాలి కూడా. మిరాసి అంటే కులం కట్టిన గుంజ కాదా అని. నిజమే. చిందు వారు ఎవరి ముందు ఆడాలో కులం నిర్ణయించింది. ఊరు మొత్తం చూసి ఆనందించినా, ఆడినవారిని ఊరి చివరే ఉంచింది. త్యాగం హక్కే అయినా దాన్ని అడుక్కున్నట్టు తీసుకోవలసిన గతి పట్టించింది. ఆ వ్యవస్థ పోయినందుకు కన్నీరు పెట్టనక్కర లేదు. నేను దానిలోంచి తీసుకోమంటున్నది కట్టుబాటును కాదు, లెక్కను. కళాకారుడు ఎవరి దయా లేకుండా, నా కాలం ఇది, నా ధర ఇది, నా ఊళ్లు ఇవి అని చెప్పగలిగిన స్థితి ఒకటి ఉండేదన్న జ్ఞాపకాన్ని మాత్రమే. దానిలోని అవమానాన్ని వదిలేసి ఆ నిశ్చింతను ఎట్లా తిరిగి తెచ్చుకోవాలన్నదే అసలు ప్రశ్న.

మిరాసి సడలిపోయాక దాని స్థానంలో ఏం వచ్చింది? సన్మానం వచ్చింది. శాలువా, జ్ఞాపిక, పత్రికలో ఫొటో. సన్మానాన్ని తక్కువ చేసి మాట్లాడటం లేదు. 2024లో జనగామ జిల్లాకు చెందిన చిందు యక్షగాన కళాకారులు గడ్డం సమ్మయ్య గారికి పద్మశ్రీ రావడం ఆ కళకు దక్కిన గౌరవం. అదే ఏడాది తెలంగాణ ప్రభుత్వం పద్మశ్రీ పొందిన కవులకు, కళాకారులకు 25 లక్షల రూపాయలు, నెలకు 25 వేల పింఛను ప్రకటించింది. మంచి పని. అయితే ఆ మాట వినగానే పన్నెండు మెట్ల కిన్నెర వాయించే దర్శనం మొగిలయ్య గారు గుర్తుకు రావాలి. 2022లో పద్మశ్రీ వచ్చింది. భీమ్లా నాయక్ సినిమా పాటతో ఆయన గొంతు ప్రతి ఇంట్లోకీ వెళ్లింది. కోటి రూపాయలు, హైదరాబాదులో ఇంటి స్థలం అని అప్పటి ప్రభుత్వం ప్రకటించింది. 2024లో ఆయన హైదరాబాదు శివార్లలో దినకూలీ పని చేస్తున్నారని పత్రికలు రాశాయి. దీనికి ఎవరిది తప్పు అన్న చర్చ అప్పుడు చాలా జరిగింది, ఆ చర్చలోకి నేను పోను. పేరు వేరు, రాబడి వేరు అన్న సంగతి మాత్రం దానితో తేటతెల్లమైంది. ఒక్కసారి వచ్చిన పెద్ద మొత్తం ఇంటి అవసరాలకూ పిల్లల పెళ్లిళ్లకూ ఆసుపత్రులకూ కరిగిపోతుంది. ఏడాదికేడాది వచ్చే ఆటలుంటేనే పొయ్యి మీద కుండ నిలుస్తుంది.

అయితే సర్కారు బాధ్యత లేదా? ఉంది. తెలంగాణ సాంస్కృతిక సారథి పెట్టి 550 మంది కళాకారులను ఉద్యోగంలోకి తీసుకున్నప్పుడు పాటగాడికి నెల జీతం అన్న మాట నిజమైంది. ఆ మేలును కాదనలేం. కానీ 550 అనే అంకెను రాష్ట్రంలోని కళాకారుల సంఖ్య పక్కన పెట్టి చూడండి. ఇంకో సంగతీ ఉంది. జీతమిచ్చేది ప్రభుత్వమైతే పాటలో వచ్చేది కూడా ఎక్కువగా ప్రభుత్వ పథకమే అవుతుంది. ఒక్క కొనుగోలుదారు మీదే ఆధారపడితే ఏమవుతుందో బోధన్ వారికి ఎవరూ చెప్పనక్కర లేదు. 1937లో పుట్టి, ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని పేరుపడ్డ నిజాం చక్కెర ఫ్యాక్టరీ బోధన్ శక్కర్‌నగర్‌లో ఉండేది. దాన్ని నమ్మి నిజాంసాగర్ ఆయకట్టులో చెరకు వేశారు. బండ్లు, బజారు, బడి, సినిమా హాలు, పెళ్లి ముహూర్తాలు అన్నీ క్రషింగ్ సీజన్ చుట్టూ తిరిగాయి. 2002లో ఫ్యాక్టరీ ప్రైవేటు చేతికి పోయింది. 2015 డిసెంబరులో లే-ఆఫ్ ప్రకటించి గేటు మూశారు. రైతు వరికి మళ్లాడు, కార్మికుడు వీధిన పడ్డాడు. తెరిపిస్తామన్న హామీలు మాత్రం ప్రతి ఎన్నికలకూ వినబడుతూనే ఉన్నాయి. చెరకు రైతుకు జరిగింది కళాకారుడికి జరగకూడదంటే కొనేవారు నలుగురైదుగురు ఉండాలి. ప్రభుత్వం వారిలో ఒకరు, అంతే.

ఆ చెరకు రైతు దగ్గరే ఇంకో పాఠం ఉంది. 1966 నాటి చెరకు నియంత్రణ ఉత్తర్వు ప్రకారం చెరకు అప్పగించిన 14 రోజుల్లో ఫ్యాక్టరీ డబ్బు చెల్లించాలి. చెల్లించకపోతే ఏడాదికి 15 శాతం వడ్డీ కట్టాలి. అమలు ఎట్లా జరిగిందన్నది వేరే కథ, బకాయిల కోసం ధర్నాలు చేసిన తరాలు ఇక్కడ ఉన్నాయి. అయినా ధర్నా చేయడానికి ఒక ఆధారం ఉంది. తూకం చీటీ ఉంది, గడువు ఉంది, వడ్డీ ఉంది. మరి కళాకారుడి చేతిలో ఏముంది? ఒక ఫోను కాల్. ‘రాండ్రి, చూసుకుందాం’ అన్న మాట. ఆట అయిపోయాక, నిర్వాహకులు నిద్రపోతున్నారని, పైసలు వారం తర్వాత అని, మీకు పేరొచ్చింది కదా అని జవాబు. అందుకే ఈ వృత్తిలో మొట్టమొదటి నైపుణ్యం ఒక పేజీ ఒప్పందం రాసుకోవడం. తేదీ, చోటు, ఎన్ని గంటలు, ఎంత మంది, ఎంత రుసుము, బయానా ఎంత, మిగతాది ఎప్పుడు, బండి ఖర్చు ఎవరిది, మైకు ఎవరిది, భోజనం ఎవరిది, వాన పడితే ఏమిటి, ప్రోగ్రాం రద్దయితే బయానా వాపసా కాదా. వీటికి వకీలు అక్కర లేదు, తెల్ల కాగితం చాలు, వాట్సాప్ సందేశమైనా ఏమీ లేనిదానికంటే మేలు. ఆకాశవాణి తన కళాకారులకు గ్రేడు ఇచ్చి, ఆ గ్రేడుకు ఇంత రుసుము అని నిర్ణయించి, కాంట్రాక్టు కాగితం మీద సంతకం తీసుకుంటుంది. ఆ అలవాటు స్టూడియో గేటు దగ్గరే ఆగిపోవడం మన దురదృష్టం.

కాగితం మీద రాయాలంటే అంకె తెలియాలి. ధర చెప్పడం దగ్గరే చాలామంది తడబడతారు. ఊరికే ఒక లెక్క వేసి చూద్దాం. పది మంది మేళం, ఒక ఆటకు 20 వేలు అనుకోండి. వినడానికి పెద్ద మొత్తమే. బండికి 4 వేలు, మైకు, లైట్లకు 3 వేలు, తిండికి పదిహేను వందలు పోతే మిగిలింది 11,500. మనిషికి 1,150. రంగులు, దుస్తులు, తబలా, హార్మోనియం మరమ్మతు ఇంకా తీయలేదు. ఒక ఆటకు పోనురాను, కూర్చి నేర్చుకోను రెండు రోజులు పడుతుంది కనుక రోజుకు దక్కింది 575. ఏడాదికి ముప్పై ఆటలు దొరికితే మనిషికి 34,500, అంటే నెలకు మూడు వేలు కూడా కాదు. ఈ లెక్క ఒకసారి వేసుకున్న కళాకారుడు, ‘ఎంతో కొంత ఇయ్యండ్రి’ అని ఇంకెప్పుడూ అనలేడు. రాత్రి ధర కాకుండా ఏడాది బతుకు ఎంత అని మొదట తేల్చుకుని, దాన్ని దొరకగల ఆటలతో భాగించి ధర చెప్పాలి. ఆటలు లేని నెలల్లో ఏం చేయాలన్నది కూడా ఈ లెక్కే చూపిస్తుంది. బడుల్లో శిక్షణ, పెళ్లిళ్లలో పాటలు, రికార్డింగు, కాలేజీ నాటకాలకు మేకప్, దుస్తులు అద్దెకివ్వడం. పన్ను మాట వస్తే చాలామంది జంకుతారు కానీ జానపద, శాస్త్రీయ కళారూపాల ప్రదర్శనకు రుసుము లక్షన్నర లోపుంటే దానికి జీఎస్టీ మినహాయింపు ఉంది. ఆ సంగతి తెలియక రశీదు రాయడానికే భయపడి పెద్ద సంస్థల ప్రదర్శనలు వదులుకోవలసిన పని లేదు. మేళం పెట్టడం ఒక చిన్న పరిశ్రమే కనుక ఉద్యమ్ నమోదు కూడా ఆధార్‌తో ఉచితంగా అవుతుంది.

‘ఇవన్నీ సరే, నిజామాబాద్‌లో టికెట్టు కొని నాటకం చూసేదెవరు’ అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. టికెట్టు మీదే బతికిన మేళాలు మనకు లేకపోలేదు. కడప జిల్లా సురభి గ్రామంలో 1885లో కీచక వధతో మొదలైన సురభి కుటుంబాలు తెలుగునాట ఊరూరా డేరాలు వేసి, టికెట్లు అమ్మి, తరతరాలు బతికాయి. ఇంట్లో వాళ్లే నటులు, వాళ్లే తెరలు లాగేవారు, వాళ్లే టికెట్ల గది చూసేవారు. కానీ సినిమా, టీవీ వచ్చాక ఆ దారి వాళ్లకే ఇరుకైంది. కనుక చూసేవాడి జేబు నుంచే పైసలు రావాలన్న పట్టుదల వదులుకుంటే మంచిది. పక్క రాష్ట్రాలను చూడండి. కర్ణాటకలో దక్షిణ కన్నడ యక్షగాన మేళాలు నవంబరు నుంచి మే దాకా దాదాపు ప్రతి రాత్రీ ఆడతాయి. కటీలు దుర్గాపరమేశ్వరి గుడి మేళాలతో మొక్కుబడి ఆట ఆడించాలంటే సంవత్సరాల ముందే రాయించుకోవాలి. చూసేవారికి ఉచితమే, ఖర్చు మొక్కుకున్న కుటుంబానిది. మహారాష్ట్రలో పుణె జిల్లా నారాయణ్‌గావ్‌లో ఉగాది రోజుల్లో తమాషా అనే మరాఠీ జానపద నాటక మేళాలు వరసగా బుకింగు డేరాలు వేస్తాయి. జాతర కమిటీల పెద్దలు ఊళ్ల నుంచి వచ్చి, నాలుగు మేళాల ధరలు విని, బేరమాడి, బయానా ఇచ్చి తేదీ ఖాయం చేసుకుపోతారు. ఆ రెండు చోట్లా కళాకారుడి గోస లేదని కాదు. తమాషా మహారాణిగా పేరుపడ్డ విఠాబాయి నారాయణ్‌గావ్‌కర్ చివరి రోజులు లేమిలోనే గడిచాయి. అయినా కొనేవాడూ అమ్మేవాడూ ఒక తేదీన ఒక చోట కలుసుకునే ఏర్పాటు ఒకటుంది. మనకు అదే లేదు.

కొనేవాళ్లు మాత్రం మనకూ ఉన్నారు. నిజామాబాద్ జిల్లాలో గ్రామాభివృద్ధి కమిటీల బలం తెలియనిదెవరికి? వేలం పాటల మీద, చందాల మీద ఊరికి నిధి పోగు చేసేవి అవే, పండుగల ఖర్చు చూసేవి అవే. సాంఘిక బహిష్కరణల మచ్చ వాటి మీద ఉంది, ఆ మచ్చ కడుక్కోవలసిన బాధ్యతా వాటిదే. ఎల్లమ్మ పండుగకు, బోనాలకు, జాతరకు, వినాయక మండపాలకు అవి డీజే పెట్టెలకు పెడుతున్న ఖర్చులో ఒక పాలు మేళానికి మళ్లినా పదుల ఆటలు పుడతాయి. గల్ఫ్‌కు పోయినవారు ఊరి పండుగకు పంపే చందాలు మరో వనరు. దుబాయ్‌లో బతుకమ్మ ఆడుకునే మన ఆడపడుచులకు ఊరి గొంతు కావాలి. సరిహద్దులోని సాలూర దాటితే మహారాష్ట్ర. ధర్మాబాద్, బిలోలి, నాందేడ్ వైపు తెలుగు ఇళ్లు తక్కువేం కావు, మన బోధన్ పిల్లలకు మరాఠీ, ఉర్దూ నోటికి వచ్చినవే. మూడు భాషల్లో వ్యాఖ్యానం చెప్పగల మేళానికి ఎంత పెద్ద పరిధి దొరుకుతుందో ఆలోచించండి. ఇవన్నీ అడిగితే వచ్చేవి. అడగడానికి ఒక మనిషి కావాలి, అతని చేతిలో రెండు నిమిషాల వీడియో, ఆటల జాబితా, ధరల పట్టిక, ఖాళీ తేదీల క్యాలెండరు ఉండాలి. నారాయణ్‌గావ్ లాగా నిజామాబాద్‌లో ఏడాదికి ఒకసారి, దసరాకు రెండు నెలల ముందు, మేళాలూ కమిటీలూ కలిసే మూడు రోజుల బుకింగు సంత పెట్టడానికి పెద్ద ఖర్చేమీ కాదు.

కొనేవాడు దొరికాక ఏం అమ్ముతున్నామన్నది తేలాలి. చిందు భాగవతం తెల్లవార్లూ సాగే ఆట. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా మైకు పెట్టరాదు. కొన్ని పండుగ రోజుల్లో మాత్రం ప్రభుత్వం అర్ధరాత్రి దాకా సడలింపు ఇవ్వవచ్చు. అంటే మైకుతో తెల్లవార్లూ ఆడే ఆట చట్టం దృష్టిలో కష్టం, మరునాడు పనికి పోయే మనిషికీ కష్టమే. అట్లాగని తెల్లవార్లూ ఆడే జాంబపురాణాన్ని చంపుకోనక్కర లేదు. అది ఏడాదికి ఒకసారి కులం పెద్దల మధ్య, మైకు లేకుండా, మొత్తంగా ఆడుకోవలసిన ఆట. దానితో పాటు రెండు గంటల ఆట ఒకటి, బడి పిల్లలకు నలభై నిమిషాల ఆట ఒకటి, సభల్లో పది నిమిషాల ప్రవేశ దరువు ఒకటి సిద్ధంగా ఉండాలి. ‘కోస్తే కళ చెడుతుంది’ అంటారు కొందరు పెద్దలు. ఈ మాటను నేను తేలిగ్గా తీసుకోను, ఎందుకంటే అది నిజమైన సందర్భాలూ ఉన్నాయి. పర్యాటక శాఖ వేదికల మీద ఐదు నిమిషాల్లో పది కళారూపాలను ఊరేగించినప్పుడు మిగిలేది దుస్తుల ప్రదర్శనే. కానీ ఏది కోయాలో మేళం పెద్ద నిర్ణయించడం వేరు, ఈవెంట్ మేనేజరు నిర్ణయించడం వేరు. పాత మేళగాళ్లు కూడా చూసేవారి ఓపికను బట్టి ఆటను పెంచారు, తగ్గించారు. చేతిలో ధర నిర్ణయించే శక్తి ఉన్న కళాకారుడే ‘ఇంతకంటే కోయను’ అని కూడా అనగలడు. లేనివాడు ఎంత చెబితే అంత కోస్తాడు. కళను కాపాడేది పేదరికమన్న భ్రమ మనలో చాలామందికి ఉంది. నాకు లేదు.

ఇక రికార్డింగు సంగతి. ఈనాటి యువ గాయనీగాయకులు ఎక్కువగా నష్టపోతున్నది ఇక్కడే. 2023లో వచ్చిన బలగం సినిమా చివర కొమురమ్మ, మొగిలయ్య (కిన్నెర మొగిలయ్య గారు కాదు, మరొకరు) దంపతులు పాడిన పాటకు రాష్ట్రమంతా ఏడ్చింది. ఆ సినిమా తీసిన సంస్థ దిల్ రాజు గారిది, ఆయనది నిజామాబాద్ దగ్గరి నర్సింగ్‌పల్లి. కథ చెప్పి బతికే దంపతుల గొంతు కోట్లమందికి చేరింది. ఆ గొంతుకు మార్కెట్టు లేదన్న మాట దానితో అబద్ధమైంది. అయితే మార్కెట్టులో ఎవరి వాటా ఎంత? యూట్యూబ్‌లో తెలంగాణ జానపదాలకు లక్షల వీక్షణలు వస్తున్నాయి. చాలాచోట్ల జరిగేది ఇది: పాడినవారికి ఒక్కసారి ఇంత అని చేతిలో పెట్టి, పాట హక్కు ఛానెల్ యజమాని ఉంచుకుంటాడు. మన కాపీరైట్ చట్టం కళాకారుడిని మరిచిపోలేదు. ప్రదర్శకుడి నిర్వచనంలో నటుడు, గాయకుడితో పాటు గారడీవాడిని, పాములాడించేవాడిని కూడా పేరు పెట్టి చేర్చింది. ప్రదర్శకుడి హక్కు 50 ఏళ్లు ఉంటుంది. 2012 సవరణ తర్వాత ప్రదర్శనను వ్యాపారానికి వాడితే రాయల్టీ పొందే హక్కు, పేరు వేయమని అడిగే హక్కు స్పష్టంగా వచ్చాయి. ఊరి జాతరలో ఎవరో ఫోనుతో తీసి ఛానెల్‌లో పెట్టుకుని సంపాదిస్తుంటే అడగడానికి ఆధారం ఉందన్నమాట. ఒప్పందంలో రికార్డింగుకు వేరే రుసుము అన్న ఒక్క వాక్యం రాసుకుంటే సగం గొడవ తీరుతుంది. సొంత ఛానెలే నడుపుకోగలిగితే ఇంకా మంచిది. జగిత్యాల జిల్లా లంబాడిపల్లి నుంచి మై విలేజ్ షో బృందం చేసింది అదే. గంగవ్వ గారిని ప్రపంచానికి చూపించింది హైదరాబాదు స్టూడియో కాదు, ఊళ్లో కూర్చుని ఏళ్ల తరబడి క్రమం తప్పకుండా వీడియోలు పెట్టిన ఒక గుంపు. అందులో హాస్యం ఎంత ఉందో, క్రమశిక్షణ అంతకంటే ఎక్కువ ఉంది.

ఇప్పుడు అన్నిటికంటే గట్టి ఆక్షేపణకు వస్తాను. వ్యాపార నైపుణ్యం నేర్చుకో అని పేద కళాకారుడికి చెప్పడం అంటే, నీ పేదరికానికి నువ్వే కారణం అని నింద వేయడం కాదా? చదువు లేనివాడు, కులం పేరుతో చిన్నచూపుకు గురైనవాడు, పలుకుబడి గల కమిటీ ముందు నిలబడి బేరం ఆడగలడా? ఒంటరిగా ఆడలేడు. అందుకే ఈ విషయంలో నగరాల్లో చెప్పే పాఠానికీ నా మాటకూ తేడా ఉంది. అక్కడ కళాకారుడిని ఒక్కడినే నిలబెట్టి, నీకు నువ్వే బ్రాండు, నువ్వే కంపెనీ అంటారు. చిందులో, ఒగ్గు కథలో, పద్య నాటకంలో, బ్యాండులో కూడా ఒక్కడు ఉండడు, మేళం ఉంటుంది. బేరం ఆడవలసింది మేళం. తెలంగాణ సొసైటీల చట్టం కింద ఏడుగురు కలిస్తే సంఘం నమోదు చేసుకోవచ్చు, పరస్పర సహాయ సహకార సంఘంగానూ ఏర్పడవచ్చు. అప్పుడు బ్యాంకు ఖాతా సంఘం పేర ఉంటుంది, రశీదు సంఘం పేర ఉంటుంది, పైసలు ఎగ్గొట్టినవాడి పేరు అన్ని మేళాలకూ తెలుస్తుంది. ఒకరినొకరు ధర కోసి పడగొట్టుకోవడం తగ్గుతుంది. ఒకరి ఊళ్లో ఇంకొకరు తక్కువకు ఆడరాదన్న పాత మిరాసి నియమం, కులం లేకుండా, అందరూ ఒప్పుకున్న కనీస ధరగా తిరిగి వస్తుంది. మేళంలో పదోతరగతో డిగ్రీనో చదివిన పిల్ల ఒకతి ఉంటుంది. ఆ అమ్మాయికి పద్దు పుస్తకం, ఫోను, క్యాలెండరు అప్పగించండి. వేషం కట్టినవారితో సమానంగా ఆమెకూ ఒక వాటా ఇవ్వండి. చాలా మేళాలు ఈ వాటా దగ్గరే పిసినారితనం చేసి, లెక్కల పనిని ఎవరికీ పట్టని పనిగా వదిలేసి నష్టపోతాయి.

శాస్త్రీయ నృత్యం, సంగీతం నేర్పేవారి సంగతి కొంత వేరు. నిజామాబాద్‌లో వారికి ఫీజు కట్టే తల్లిదండ్రులున్నారు, కాబట్టి రాబడికి ఒక ఆధారం ఉంది. వారి చిక్కల్లా ఇంకోటి. శిష్యులను వేదిక ఎక్కించడానికి తల్లిదండ్రుల దగ్గరే పైసలు తీసుకుని నిర్వాహకులకు కట్టే పద్ధతి అక్కడక్కడా పాకింది. ఆడేవాడే ఎదురు పైసలిచ్చే చోట వృత్తి అన్న మాటకు అర్థం లేదు. రికార్డుల కోసం, సర్టిఫికెట్ల కోసం వందలమంది పిల్లలను ఎండలో నిలబెట్టే కార్యక్రమాలకు గురువులు దండం పెట్టి తప్పుకోవాలని నా అభిప్రాయం.

నిజామాబాద్‌లో ప్రభుత్వ సంగీత నృత్య పాఠశాల ఉంది, డిచ్‌పల్లిలో తెలంగాణ విశ్వవిద్యాలయం ఉంది. ఆ విశ్వవిద్యాలయంలో వాణిజ్య శాస్త్రం చదివే విద్యార్థులు పద్దులు, పన్నులు, ఒప్పందాలు నేర్చుకుంటున్నారు. వారిలో ప్రతి జట్టుకూ ఒక్కో మేళాన్ని అప్పగించి ఏడాది పాటు దాని లెక్కలు రాయిస్తే విద్యార్థికి ప్రాజెక్టు అవుతుంది, మేళానికి పద్దు పుస్తకం అవుతుంది. దీనికి కొత్త జీవో అక్కర లేదు, ఒక అధ్యాపకుడు పూనుకుంటే చాలు. గ్రామాభివృద్ధి కమిటీల పెద్దలకు కూడా ఒక మనవి. వచ్చే దసరాకు మీ ఊరికి మేళాన్ని పిలవదలిస్తే ఫోనులో మాట ఇచ్చి ఊరుకోకండి. సగం బయానా ముందు ఇవ్వండి, మిగతా సగం గజ్జె విప్పక ముందే చేతిలో పెట్టండి, రశీదు అడిగి తీసుకోండి.